ఆదిలాబాద్ చలికి ఆయిల్ హీటర్

రెండు చలికాలాలుగా ఆదిలాబాద్‌లో మేము వాడుతున్న 2000 వాట్ల ఆయిల్ హీటర్ గదిని వెచ్చబరచడానికి అరగంట తీసుకుంటుంది గాని, కాయిల్ హీటర్‌లా ఎర్రగా కాలదు, ఆపిన తరువాత కూడా చాలాసేపు వెచ్చదనం ఇస్తుంది. లోపలి నూనె ఇంధనం కాదు కనుక మళ్లీ పోయవలసిన పని లేదు. 230 వోల్టుల వద్ద ఇది దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌కే నేరుగా తగిలించాలి; మొదటి వారంలో ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే దాని ప్లగ్గు చేయి పెట్టలేనంతగా వేడెక్కింది. పరదాలకు, పరుపుకు మూడడుగుల దూరంలో నిలువుగా ఉంచుతున్నాము. రెక్కల మీద తడి బట్టలు ఆరవేయాలని ఎవరికైనా అనిపిస్తుంది (మా అత్తగారికి రోజూ అనిపిస్తుంది), కాని అలా కప్పితే వేడి బయటికి పోక హీటరు అతిగా కాగుతుంది. ఒరిగితే దానంతట అదే ఆగిపోయే స్విచ్ బాగా పనిచేస్తోంది. తీగ మాత్రం మరీ పొట్టి.