విశాఖలో మోడల్ రైలు ఇంజను కొంటున్నారా? ముందు ఇరుసులు లెక్కపెట్టండి

మోడల్ రైళ్లు కట్టే మిత్రులందరికీ ఈ హెచ్చరిక. మన నగరంలోనే ఉంటూ ఫోనులో ఫొటోలు పంపి ఆర్డర్లు తీసుకునే ఒక అమ్మకందారు, డీసీసీకి (పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలు పంపి ఒక్కో ఇంజనును విడిగా నడిపే పద్ధతికి) సిద్ధంగా ఉన్న హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు కొలత) భారతీయ ఇంజన్లంటూ నాసిరకం సరుకు అంటగడుతున్నాడు. డబ్బంతా ముందే తీసుకుంటాడు. లోపం చూపిస్తే ఒకటి రెండు సాకులు చెప్పి, ఆ తర్వాత ఫోను ఎత్తడు.

మా బృందం బొర్రా గుహలు స్టేషన్ నమూనా కడుతోంది. కొండలకు ప్లాస్టర్ పోత అయింది, సొరంగాల ముఖాలకు రంగులు పడుతున్నాయి. దాని మీద నడపడానికి డబ్ల్యూఏపీ-7 అనే ఎలక్ట్రిక్ ఇంజను నమూనా కోసం ఈ అమ్మకందారుకు 18,000 రూపాయలు కట్టాను. వచ్చిన ఇంజను పైకి ముచ్చటగానే ఉంది. తిరగేస్తే అసలు రంగు బయటపడింది. నిజమైన డబ్ల్యూఏపీ-7కు రెండు చివరలా మూడేసి చొప్పున ఆరు ఇరుసులుంటాయి. విశాఖ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. దీనికి నాలుగే! ఏదో చవక బొమ్మ రైలు చట్రం మీద త్రీడీ ప్రింటరుతో తీసిన తొడుగును జిగురుతో అంటించారు. పెయింటు కింద ప్రింటింగ్ గీతలు వేలికి తగులుతున్నాయి. అసలు ఇంజను పొడవు 20.56 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 236 మిల్లీమీటర్లు రావాలి. ఇది 205 దగ్గరే ఆగిపోయింది.

అడిగితే 'మన బ్రాడ్‌గేజ్‌కు హెచ్‌ఓ కొలతలు సరిపోవు' అని బుకాయించాడు. ఇందులో సగం నిజం ఉంది కనుకనే కొత్తవారు నమ్మేస్తారు. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌లో 87వ వంతు అంటే 19.3 రావాలి. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే. దొరికే పట్టాలు అవే కాబట్టి ఆ రాజీకి మనమంతా తెలిసే ఒప్పుకున్నాం. ఇంజను పొడవుకూ ఇరుసుల సంఖ్యకూ దానితో సంబంధమే లేదు.

డీసీసీ మాట కూడా అబద్ధమే. డిజిటల్ సంకేతాలను చదివి మోటారును నడిపే డీకోడర్ గుచ్చే సాకెట్టే లేదు, చక్రాల నుంచి తీగలు నేరుగా మోటారుకు వెళ్తున్నాయి. దీన్ని డీసీసీ పట్టాలపై ఉంచితే మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది.

నాకు మరింత బాధ కలిగించింది వేరే సంగతి. మా దగ్గరికి వచ్చే ఒక ఇంటర్ విద్యార్థి కూడబెట్టుకున్న డబ్బుతో ఆ అమ్మకందారు వద్దే నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిసిన లోహం) పట్టాలు కొన్నాడు. అయస్కాంతం పెట్టగానే టక్కున అతుక్కుంది. నికెల్ సిల్వర్‌కు అయస్కాంతం అంటదు. అవి ఉత్త ఉక్కు పట్టాలు. మన సముద్రపు గాలికి అప్పుడే తుప్పు చుక్కలు లేచాయి. తుప్పు పట్టిన చోట చక్రానికి కరెంటు సరిగా అందదు, ఇంజను ఆగి ఆగి నడుస్తుంది.

కొనేముందు ఇంజను అడుగుభాగం ఫొటో, కొలబద్ద పక్కన పెట్టి తీసిన ఫొటో, పట్టాలపై నడుస్తున్న వీడియో అడగండి. వీలైతే స్వయంగా నడిపి చూసాకే డబ్బు ఇవ్వండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఇప్పటికే మోసపోయినవారు చెల్లింపు రసీదులనూ అతనితో జరిగిన సందేశాలనూ చెరిపేయకుండా ఉంచుకుని, మీరూ ఫిర్యాదు చేయండి.