కళాభవన్‌లో ప్రింట్‌మేకింగ్ రెండేళ్ళు: వెళ్ళాలనుకునేవాళ్ళకి నా మాట

ఏటా అడ్మిషన్ల సమయంలో నాకు కొన్ని ఫోన్లు వస్తాయి. తెలిసినవాళ్ళ అమ్మాయో అబ్బాయో బొమ్మలు బాగా వేస్తారట, శాంతినికేతన్ పంపిద్దామనుకుంటున్నారట, అక్కడ చదువు ఎలా ఉంటుంది అని. ఫోన్లో పది నిమిషాలు మాట్లాడితే హాస్టల్, తిండి, రైళ్ళ దగ్గరే అయిపోతుంది. అసలు విషయం మిగిలిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను 2016 నుంచి 2018 దాకా శాంతినికేతన్‌లోని విశ్వభారతి యూనివర్సిటీ కళా విభాగం కళాభవన్‌లో ప్రింట్‌మేకింగ్‌లో, అంటే ప్లేటు మీదో చెక్క మీదో బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే పనిలో, ఎం.ఎఫ్.ఏ. (పీజీ) చేశాను. మాది శ్రీకాళహస్తి. అక్కడి పెయింటింగ్, శిల్పం విభాగాల గురించి నేనేం చెప్పినా బయటి నుంచి చూసిన మాటే అవుతుంది. ప్రింట్‌మేకింగ్ గురించి మాత్రం చేతికి ఇంకు అంటించుకుని చెబుతున్నాను.

ముందు నేను ఎక్కడి నుంచి వెళ్ళానో చెప్పాలి. బి.ఎఫ్.ఏ. (డిగ్రీ) చదివిన కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అక్కడ ఒక ఎచింగ్ ప్రెస్సు ఉండేది, యాసిడ్‌తో ప్లేటు మీద చెక్కిన బొమ్మని కాగితం మీద అచ్చు తీసే యంత్రం. రోలరు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. బాగు చేయించమని మేము మూడుసార్లు అర్జీ పెట్టాం. సిలబస్‌లో ఎచింగ్ ఉంది కాబట్టి బోర్డు మీద రాసిన నోట్సు ఎక్కించుకుని పరీక్ష రాశాం. యాసిడ్ వాసన ఎలా ఉంటుందో తెలియకుండానే నాకు ఎచింగ్‌లో 74 మార్కులు వచ్చాయి. ఆ మార్కుల లిస్టు చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మాలో ముగ్గురు నలుగురికి నిజంగా ఆ పని మీద ఆశ ఉండేది. వాళ్ళు ఇప్పుడు వేరే వేరే ఉద్యోగాల్లో ఉన్నారు.

అందుకే కళాభవన్‌లో అడుగుపెట్టిన రోజు నేను మొదట చూసింది ప్రెస్సునే. ఎవరో అప్పుడే ప్రింటు తీసి వెళ్ళినట్టున్నారు, బెడ్డు మీద ఇంకా తడి ఉంది. రోలరు కింద ఫెల్టు దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి. పక్కన ఆరబెట్టిన ప్రింట్లు. చక్రం మీద చెయ్యి వేసి కొంచెం తిప్పాను. తిరిగింది. అంతే, ఇంక నాకు ఏ సందేహమూ లేదు.

స్టూడియో ఆర్ట్ చదువంటే నా లెక్కలో ఇదే. ఏ యూనివర్సిటీ సిలబస్ తెరిచినా పేర్లు ఇంచుమించు అవే ఉంటాయి. పనిముట్లు రోజూ ఎంతసేపు మన చేతికి దొరుకుతాయి, మన పక్క బల్ల మీద ఎవరు పని చేస్తుంటారు అన్నదే తేడా. కళాభవన్‌కి 1919 నుంచి పేరుంది, చిత్రకారుడు నందలాల్ బోస్ నడిపిన చోటు, నిజమే. కానీ పేరు చూసి వెళ్ళొద్దు. ఏ కాలేజీకి వెళ్ళాలనుకున్నా ముందు ఒకసారి పోయి స్టూడియో చూడండి. ప్రెస్సు తిప్పి చూడండి.

పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. జింకు ప్లేటు తెచ్చుకుని, అంచుల్ని ఆకురాయితో ఏటవాలుగా అరగదీయాలి. లేకపోతే ప్రెస్సులో కాగితమూ, ఫెల్టూ రెండూ కోసుకుపోతాయి. తర్వాత సుద్దపొడితో తోమి జిడ్డు వదలగొట్టాలి. ప్లేటు మీద నీళ్ళు పోస్తే చుక్కలు చుక్కలుగా విడిపోకుండా పలచగా పరుచుకుని నిలబడితే జిడ్డు పోయినట్టు. అప్పుడు తేనెమైనం, తారు కలిపిన పూత (గ్రౌండు) పూసి, ఆరాక సూదితో బొమ్మ గీయాలి. నల్లటి పొర లేచిన చోట జింకు వెండితీగలా మెరుస్తుంది. నీళ్ళు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో దించగానే గీతల వెంట సన్నని బుడగలు లేస్తాయి. వాటిని ఈకతో మెల్లగా తుడుస్తూ ఉండాలి. బుడగ కూర్చున్న చోట యాసిడ్ తగలదు, గీత తెగిపోతుంది.

ఎన్ని నిమిషాలు ఉంచాలన్నది పుస్తకం చూసి నేర్చుకోలేం. మే నెలలో ఒక లెక్క, డిసెంబరులో ఒక లెక్క. ఎండకి యాసిడ్ తొందరగా తింటుంది. నా మూడో ప్లేటు అలాగే పోయింది, సన్నగా రావలసిన జుట్టు గీతలన్నీ కలిసిపోయి గుంట పడింది. నెల కష్టం. ఏడుపొచ్చింది. మా టీచర్ ఆ ప్లేటుని పారెయ్యనివ్వలేదు. ఉన్నది ఉన్నట్టు ఇంకు పట్టించి ప్రింటు తీయమన్నారు. గుంటలో ఇంకు నిలవక అంచులు మాత్రం నల్లగా పట్టి, మధ్యలో బూడిదరంగు వచ్చింది. తడిసిన ఉన్నిలా ఉంది. ఆ బూడిదరంగు కావాలని తర్వాత రెండు ప్లేట్లలో యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచాను.

టీచర్ అన్నానుగానీ, అక్కడ సార్, మేడమ్ అనరు. పేరు చివర 'దా', 'ది' చేర్చి పిలుస్తారు, అన్నయ్యా, అక్కా అన్నట్టు. ఒకప్పుడు అక్కడ పాఠాలు చెప్పిన శిల్పి రామ్‌కింకర్ బైజ్ కూడా అందరికీ కింకర్‌దాయే. మన దగ్గర గురువుగారు గదిలోకి వస్తే లేచి నిలబడే అలవాటు కదా, ఆ పిలుపు నా నోట రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చాక మాత్రం అడగాలంటే భయం పోయింది.

నాకు అన్నిటికంటే విలువైనది రెండో ఏడాదిలో దొరికింది. షుగర్ లిఫ్ట్ అని ఒక పద్ధతి ఉంది. చక్కెర పాకంలో నల్లసిరా కలిపి ప్లేటు మీద బ్రష్షుతో బొమ్మ వేస్తారు. ఆరాక పైన పల్చగా వార్నిష్ పూసి వేడినీళ్ళలో పెడితే, చక్కెర ఉబ్బి కరిగి, తన మీదున్న వార్నిష్‌ని లేపుకుంటూ పోతుంది. బ్రష్షు నడిచిన చోట మాత్రం లోహం బయటపడుతుంది. దాని మీద రోజిన్ (చెట్టు బంక) పొడి సన్నగా రాల్చి, కింద వేడి చేసి అంటించి, యాసిడ్‌లో పెడితే గీత బదులు నిండు నలుపు వస్తుంది. పాకం కలుపుతుంటే నాకు మా పెదనాన్న ఇల్లు గుర్తొచ్చింది. ఆయన కలంకారీ పని చేస్తారు. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము రోజుల తరబడి నానబెట్టి ఆ నల్లరంగు తీస్తారు. ఇక్కడా తీపే, ఇక్కడా నలుపే.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఆయన దగ్గర రెండు కలాలు అడిగి తీసుకెళ్ళాను. వెదురుపుల్ల చివర చెక్కి, కొంచెం పైన గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలం. గుడ్డని వేలితో నొక్కితే రంగు దిగుతుంది. ఎంత నొక్కితే అంత లావు. బ్రష్షుకి ఆ పట్టు రాదు. చక్కెర సిరాతో ఆ కలం పట్టి గీసిన మొదటి ప్లేటు చూసి, మా టీచర్ కలాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు నొక్కి నొక్కి చూశారు. తర్వాత ఒకే మాట అన్నారు: "దీంతో ఇంకో నాలుగు ప్లేట్లు చేసి తీసుకురా." పొగడలేదు, వ్యాఖ్యానం చెప్పలేదు. నాలుగు ప్లేట్లు చేసేసరికి నా పని ఏంటో నాకు తెలిసింది. మంచి స్టూడియో టీచర్ అంటే నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

ఆ ప్లేట్లలో ఒకదాని అంచున, కలంకారీ పటాల్లో రాసినట్టు తెలుగులో 'అమ్మమ్మ' అని రాశాను. ప్రింటు తీస్తే అక్షరాలు తిరగబడ్డాయి, తలకట్టు ఎడమవైపు వాలింది. ప్లేటు మీద ఉన్నది కాగితం మీద అద్దంలోలా పడుతుందని తెలుసు, బొమ్మకి అయితే ఎప్పుడూ గుర్తుంచుకునేదాన్ని. సొంత అక్షరాల దగ్గర మర్చిపోయాను. చుట్టూ ఉన్న బెంగాలీ స్నేహితులకి తెలుగు రాదు కాబట్టి అలాగే అందంగా ఉంది, ఉంచెయ్యమన్నారు. నాకు మనసొప్పలేదు. అద్దం పెట్టుకుని, కుడి నుంచి ఎడమకి మళ్ళీ రాశాను. తెలుగు అక్షరాన్ని అంత దగ్గరగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

అక్కడే నాకు ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారి గురించి తెలిసింది. 1925లో మా చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, రిషివ్యాలీలో చదివి, 1940ల్లో ఇదే కళాభవన్‌లో చదువుకున్నారు. తర్వాత లండన్ స్లేడ్ స్కూలు, పారిస్‌లో హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన స్టూడియో అట్లియే 17. మొదట శిల్పి కాబట్టి ప్లేటుని కూడా ఎత్తుపల్లాలున్న శిల్పంలా చెక్కారు. ఒకే ప్లేటు మీద, ఒకేసారి ప్రెస్సులోంచి తీస్తూ పలు రంగులు రప్పించే విస్కాసిటీ పద్ధతిని హేటర్, కైకో మోతీ లాంటివాళ్ళతో పాటు ఆయన అభివృద్ధి చేశారు. నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకు మీద చిక్కటి ఇంకు అంటదు. గట్టి రోలరు ప్లేటు పైతలాన్నే తాకుతుంది, మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుంది. ఈ రెండు సంగతులే దానికి మూలం. చెప్పడానికి ఇంత తేలిక, చేస్తే మాత్రం లిన్‌సీడ్ నూనె నాలుగు చుక్కలు అటూ ఇటూ అయినా రంగులు కలిసి బురద అవుతుంది. అప్పటి మా జిల్లా మనిషి ప్రపంచమంతా నేర్చుకున్న ఒక పద్ధతికి ఆద్యుల్లో ఒకరని బి.ఎఫ్.ఏ. నాలుగేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. శాంతినికేతన్ దాకా వెళ్ళి తెలుసుకున్నాను. నేను కోర్సు ముగించి ఇంటికొచ్చిన కొద్ది నెలలకే, 2018 ఆగస్టులో ఆయన న్యూయార్క్‌లో పోయారు. ఆ రోజు మా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఫోన్లో ఆయన ప్రింట్లు చూపించాను. మా పెదనాన్న ఒక నీటి సుడి బొమ్మని వేళ్ళతో పెద్దది చేసుకుని చూస్తూ ఉండిపోయారు.

క్యాంపస్ గురించి చాలామంది రాశారు కాబట్టి ఒక్కదాని దగ్గరే ఆగుతాను. రామ్‌కింకర్ 1938లో చేసిన 'సంతాల్ కుటుంబం' శిల్పం, సంతాల్ అంటే అక్కడి గిరిజనులు. సిమెంటు, అక్కడి ఎర్ర కంకర కలిపి చేశారు. మీ కాళ్ళ కింద దారిలో ఉన్న కంకరే ఆ బొమ్మల ఒంట్లో ఉంటుంది. కావడిలో పసిబిడ్డ, పక్కన కుక్క, ఊరు వదిలి నడిచిపోతున్న మనుషులు. రోజూ స్టూడియోకి పోతూ వస్తూ చూసేదాన్ని, పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా కనిపించేది. కళాకారుడు సోమనాథ్ హోర్ గ్రాఫిక్స్ (ప్రింట్‌మేకింగ్) విభాగాన్ని నడిపింది కూడా ఇక్కడే. 1943 బెంగాల్ కరువుని కళ్ళారా చూసి గీసినాయన, తర్వాత రంగే లేకుండా తెల్లటి కాగితపు గుజ్జులో తెల్లటి గాయాల్లాంటి ప్రింట్లు చేశారు. అది ఫొటోలో అర్థం కాదు. పక్క నుంచి వెలుతురు పడుతుండగా చూడాలి.

డిసెంబరు 1, 2 తేదీల్లో నందన్ మేళా జరుగుతుంది, 3న నందలాల్ పుట్టినరోజు కాబట్టి. విద్యార్థులు తాము చేసినవి అక్కడ అమ్ముతారు, వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది. నేను చిన్న లినోకట్లు (లినోలియం షీటు చెక్కి తీసిన ప్రింట్లు) పెట్టాను. ఒక పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి ఇంకు ఎందులో సమంగా పట్టిందో చూసి కొనుక్కున్నారు. ఇంతవరకు నా పనికి వచ్చిన మంచి పరీక్ష అదే.

కష్టాలు లేవని చెప్పను. మొదటి మూడు నెలలు భాష రాక గుంపులో ఒంటరిగా ఉన్నాను. స్టూడియోలోనే నేర్చుకున్నాను, జొల్ అంటే నీళ్ళు, కాలి అంటే ఇంకు, కాగోజ్ అంటే కాగితం, అలా. ఆవనూనె వంటకి నెల రోజుల్లో అలవాటు పడతారు. వానాకాలం కాగితాలకి బూజు పడుతుంది, ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచుకోండి. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ. అసలు ఖర్చు జింకు ప్లేట్లకీ మంచి కాగితానికీ. యాసిడ్ గదిలో మాస్కు, గ్లౌజులు లేకుండా ఎవరు చెప్పినా దిగొద్దు. ఉబ్బసం ఉన్న పిల్లలైతే ముందే డాక్టరుని అడగండి.

అంత దూరం పంపలేమనుకునేవాళ్ళకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా ప్రింట్‌మేకింగ్ ఎం.ఎఫ్.ఏ. ఉంది. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు పాఠాలు చెప్పిన చోటు.

తల్లిదండ్రులు తప్పకుండా అడిగేది తర్వాత ఉద్యోగం ఏంటని. ఆ టెన్షన్ నాకూ ఉండేది. నేను ఇప్పుడు తిరుపతిలో ఒక స్కూల్లో డ్రాయింగ్ చెబుతున్నాను. జీతం ఇంటి ఖర్చులకి సరిపోతుంది. ఉద్యోగం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ప్రెస్సు లేకపోవడం. పెయింటింగ్ వాళ్ళు ఇంట్లో ఒక మూల కూర్చుని పని చేసుకోవచ్చు, మాకు యంత్రం కావాలి. ఇంట్లో లినో చెక్కి చెంచా వెనకవైపుతో రుద్ది ప్రింట్లు తీస్తాను. ఎచింగ్ కోసం సెలవుల్లో చెన్నై గ్రీమ్స్ రోడ్డులోని లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రానికి వెళ్తాను, అక్కడ గ్రాఫిక్ స్టూడియో ఉంది. ఈ సంగతి చేరేముందే తెలుసుకుని ఉండాలి. తెలిసినా నేను మళ్ళీ అదే కోర్సులో చేరేదాన్ని.

ఇంకొక్కటి. అడ్మిషన్ వచ్చిందంటే ఇంట్లో పాత నూలు పంచెలు, చీరలు ఎవరికీ ఇవ్వకుండా మూట కట్టుకుని తీసుకెళ్ళండి. ప్లేటు మీద ఇంకు తుడవడానికి ముందు గరుకు వలగుడ్డ వాడతాం, చివర్లో బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డ కావాలి. కొత్తగుడ్డ గీతల్లో ఉన్న ఇంకుని కూడా లాగేస్తుంది. మా తాతయ్య పంచెలు నాలుగు తీసుకెళ్తే రెండేళ్ళూ అవే వచ్చాయి, పక్క బల్లలవాళ్ళకి కూడా ముక్కలు చింపి ఇచ్చాను.