ఆరేళ్లు తెరల ముందు కూర్చున్నాక: పోలీసు డ్రోన్, రియల్‌టైమ్ కంట్రోల్ రూమ్ మీద నా సమీక్ష

కంట్రోల్ రూమ్‌లో నా కుర్చీ ముందు మూడు తెరలుంటాయి. ఎడమవైపు దాంట్లో వచ్చే కాల్స్ వివరాలు. మధ్యలో మ్యాపు, దాని మీద కదిలే చుక్కలు పెట్రోలింగ్ బళ్లు. కుడివైపు డ్రోన్ కెమెరా దృశ్యం. మొదటి రెండేళ్లు కాల్స్ తీసుకునేవాణ్ణి. తర్వాత శిక్షణ పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని, నాలుగేళ్లుగా డ్రోన్ నడుపుతున్నాను. వీటి గురించి బయట చదివేవి ఎక్కువగా కొత్తగా కొన్న ఉత్సాహంలో రాసినవో, దగ్గర్నుంచి చూడకుండా భయంతో రాసినవో అనిపిస్తాయి. రోజూ వాడే మనిషి మాట కూడా ఒకటి ఉండాలని ఇది రాస్తున్నాను.

ఒక రాత్రి పదకొండు దాటాక కాల్ వచ్చింది. ఎవరో ఇనుప రాడ్డుతో కారు పగలగొడుతున్నాడని. ఫోన్ చేసినామె గొంతు వణుకుతోంది. రెండు బళ్లు బయల్దేరాయి. మేడ మీంచి లేచిన డ్రోన్ వాటికన్నా నాలుగు నిమిషాలు ముందే అక్కడికి చేరింది. దూరం నుంచి చూస్తే ఆమె చెప్పినట్టే ఉంది. ఒక మనిషి, చేతిలో రాడ్డు, వంగుతున్నాడు, లేస్తున్నాడు. జూమ్ చేశాను. కారు వెనకభాగం ఒకవైపు కొంచెం పైకి లేచి ఉంది. కింద జాకీ. పక్కన రోడ్డు మీద స్టెప్నీ. చేతిలో ఉన్నది వీల్ స్పానర్. నట్టు బిగుసుకుపోయినట్టుంది, స్పానర్ బిగించి దాని మీద కాలితో తంతున్నాడు.

వైర్‌లెస్ సెట్‌లో చెప్పాను: "అన్నా, టైరు మారుస్తున్నాడు. చేతిలో ఉంది స్పానర్. ఒక్కడే ఉన్నాడు, నెమ్మదిగా వెళ్లండి."

అటునుంచి ఒక్కటే మాట: "కన్ఫర్మా?"

"జాకీ కనబడుతోందన్నా. స్టెప్నీ కింద పడేసి ఉంది."

సైరన్ ఆపేశారు. ఒక బండి వెనక్కి తిరిగింది. రెండో బండిలోంచి దిగినాయన ఆ నట్టు ఊడేదాకా టార్చి పట్టుకుని నిలబడ్డాడు. డ్రోన్ లేకపోతే అతనూ మావాళ్లూ చీకట్లో, సైరన్ల మధ్య, ఒకళ్లని చూసి ఒకళ్లు హడలిపోయి ఎదురుపడేవాళ్లు. రాడ్డుతో ఉన్న మనిషి చటుక్కున వెనక్కి తిరిగితే ఏం జరగొచ్చో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. దొంగని పైనుంచి తరిమి పట్టించిన రాత్రులు కూడా నాకున్నాయి, వాటి వీడియోలే అందరూ చూస్తారు. నేను మాత్రం ఈ పరికరానికి ఎక్కువ మార్కులు వేసేది ఈ స్పానర్ రాత్రి లాంటి వాటికి. వెళ్లేవాళ్లకి అక్కడ ఏముందో, ముఖ్యంగా ఏం లేదో, ముందే తెలుస్తుంది.

కాల్ రాగానే డ్రోన్‌ని ముందు పంపే ఈ పద్ధతికి దారి వేసింది అమెరికాలో, కాలిఫోర్నియాలోని చూలా విస్టా పోలీసులు, 2018లో. అంతకుముందు డ్రోన్ అంటే బండి డిక్కీలో పెట్టుకుని వెళ్లి, అక్కడ దిగాక ఎగరేసే వస్తువు. తీరా అది లేచేసరికి అసలు గొడవ సద్దుమణిగిపోయేది. ఇక కాల్స్, కెమెరాలు, పాత రికార్డులు అన్నీ ఒకేచోట చూసే గది ఆలోచన ఇంకా పాతది. న్యూయార్క్ పోలీసులు 2005లోనే రియల్ టైమ్ క్రైమ్ సెంటర్ తెరిచారు. ఈ రెండూ కలిసినప్పుడే పని జరుగుతుంది. కాల్ వివరాలు లేని డ్రోన్ ఊరికే ఎగిరే కెమెరా.

రియల్‌టైమ్, అంటే జరుగుతున్నది అప్పటికప్పుడే కనబడుతుందనే మాటని మాత్రం పూర్తిగా నమ్మొద్దు. మొబైల్ నెట్‌వర్క్ మీద వచ్చే దృశ్యం నా తెర మీదికి చేరేసరికి కొన్నిసార్లు రెండు సెకన్లు ఆలస్యం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు రెండు సెకన్లలో 33 మీటర్లు దాటిపోతుంది. అంటే "ఎడమ సందులోకి తిరిగాడు" అని నేను చెప్పేటప్పటికి అతను సందు చివరికి వచ్చేసి ఉండొచ్చు. కొత్తలో ఇది తెలియక, నా మాట విని పరిగెత్తినవాళ్లని రెండుసార్లు ఖాళీ సందుల్లోకి పంపాను. ఇప్పుడు దిక్కు, వేగం కూడా కలిపి చెబుతాను. బ్యాటరీ లెక్క కూడా అంతే. కాగితం మీద 40 నిమిషాలు. వెళ్లిరావడానికి, అత్యవసరానికి దాచుకునేది తీసేస్తే నా చేతికొచ్చేది 25. చలిలో ఇంకా తక్కువ. గాలివాన వస్తే డ్రోన్ లేవదు. అలాంటి రాత్రే కాల్స్ ఎక్కువ వస్తాయి.

థర్మల్ కెమెరా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, దాని మీద అపోహలు ఎక్కువ కాబట్టి. అది గోడల్లోంచి చూడలేదు. మామూలు గాజులోంచి కూడా చూడలేదు, కిటికీ అద్దం దానికి గోడతో సమానం. అది చూసేది పైపైన ఉన్న వేడి తేడాని మాత్రమే. ఈ "తేడా" అన్న ముక్క నాకు ఒంటబట్టింది ఒక పెద్దాయన తప్పిపోయిన రోజున.

ఆయనకి మతిమరుపు జబ్బు. సాయంత్రం ఇంట్లోంచి బయటికి వెళ్లి తిరిగి రాలేదు. ఊరి చివర రాళ్లూ పొదలూ ఉన్న ఖాళీ స్థలం వైపు వెళ్లడం ఎవరో చూశారు. చీకటి పడగానే డ్రోన్ ఎగరేశాను. తెర నిండా తెల్లటి మచ్చలు. పగలంతా ఎండకి కాలిన రాళ్లు, వాటి వేడీ మనిషి ఒంటి వేడీ దాదాపు ఒకటే. ప్రతి రాయీ ముడుచుకు పడుకున్న మనిషిలాగే ఉంది. ఒక్కో మచ్చ దగ్గరికి దిగి మామూలు కెమెరాతో చూడటం, కాదని తెలుసుకుని పైకి లేవడం. నాలుగు బ్యాటరీలు అయిపోయాయి. ఆయన కొడుకు మా గదికే వచ్చి నా వెనకాల నిలబడ్డాడు. ప్రతి మచ్చకీ "అదేనా సార్, అదేనా?" అని అడుగుతుంటే నా వేళ్లు వణికాయి. అంత టెన్షన్ నేనెప్పుడూ పడలేదు.

మాలో సీనియర్ ఒకాయన రాళ్లు చల్లారేదాకా ఆగమన్నాడు. ఆపడానికి మనసొప్పలేదు. కానీ ఉన్న బ్యాటరీలన్నీ అప్పుడే తగలేస్తే అసలు సమయానికి ఏమీ మిగలదు. కింద మనుషులు టార్చిలతో వెతుకుతూనే ఉన్నారు. తెల్లవారుజామున మూడింటికి మళ్లీ ఎగరేశాను. తెర మొత్తం బూడిదరంగు. ఒక పొద మొదట్లో మాత్రం పొడుగాటి తెల్లటి మచ్చ, అటుపక్కన కాస్త సన్నగా ఇంకోటి, చెయ్యి. బతికే ఉన్నాడు, చలికి వణుకుతున్నాడు. ఎనిమిది గంటలు కనబడని మనిషి ఆరు నిమిషాల్లో దొరికాడు. అప్పట్నుంచి మా గది గోడకి ఒక కాగితం అంటించి పెట్టుకున్నాం, ఏ కాలంలో ఏ నేల ఎన్నింటికి చల్లారుతుందో మేమే రాసుకున్నది. ఏ కంపెనీ పుస్తకంలోనూ అది నాకు కనబడలేదు.

నంబర్ ప్లేట్లు చదివే కెమెరాల దగ్గర నాకు ఒక చేదు జ్ఞాపకం ఉంది. దొంగిలించిన కారని అలర్ట్ మోగింది. తెర మీద ఎర్రగా వెలిగింది. నేను ఫొటో తెరిచి చూడకుండానే సెట్‌లో చెప్పేశాను. ఆపి చూస్తే కారులో భార్యాభర్తలు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. ప్లేటు మీద మట్టి పడి 8ని కెమెరా 3గా చదివింది. వాళ్లని చేతులు పైకెత్తి దిగమన్నారు. ఆ చిన్నపిల్ల ఏడుపు ఆఫీసర్ మైకులోంచి నాకు వినబడింది. తప్పు కెమెరాది అని నేను చెప్పుకోలేను. ఫొటో తెరవడానికి మూడు సెకన్లు చాలు, నేను తెరవలేదు.

ఇది నా ఒక్కడి కథ కాదు. 2020 ఆగస్టులో అమెరికాలో, కొలరాడోలోని అరోరాలో ఒక కుటుంబాన్ని, పిల్లలతో సహా, పోలీసులు నేల మీద పడుకోబెట్టారు. పోలీసులు వెతుకుతున్నది ప్లేటు మీద అదే అంకెలున్న వేరే రాష్ట్రపు మోటార్‌సైకిల్‌ని. అదే ఏడాది జనవరిలో డెట్రాయిట్ పోలీసులు, ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ చెప్పిందని ఒకాయన్ని ఇంటి ముందే, కుటుంబం చూస్తుండగా, చేయని దొంగతనానికి అరెస్టు చేశారు. అలర్ట్ అంటే "ఒకసారి చూడు" అని అర్థం, అంతవరకే. ఇప్పుడు నేను ప్లేటు కంటితో చదువుతాను, బండి రంగు, మోడల్, రాష్ట్రం మూడూ కలిస్తేనే నోరు తెరుస్తాను.

తుపాకీ శబ్దాలు పట్టే మైకుల గురించి నాకు పెద్దగా చెప్పడానికి లేదు, నా అనుభవంలో ఎక్కువసార్లు టపాకాయలే. షికాగో ఇన్‌స్పెక్టర్ జనరల్ (పోలీసు అధికారి కాదు, నగర విభాగాల పనిని తనిఖీ చేసే అధికారి) 2021లో ఇచ్చిన నివేదికలో కూడా, అలాంటి అలర్టుల్లో పదింట ఒకదానికి కూడా తుపాకీ నేరపు ఆధారం దొరికినట్టు తేలలేదు. ఆ నగరం 2024లో ఆ మైకుల ఒప్పందం వదిలేసుకుంది.

జనం నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే ప్రశ్న. "మా మేడ మీద బట్టలారేసుకుంటుంటే చూస్తారా?" ఆ భయం న్యాయమైనదే. కెమెరా నా చేతిలో ఉంది, దారిలో కిందికి వంచితే పెరళ్లన్నీ కనబడతాయి. అందుకే చోటు చేరేదాకా కెమెరాని ఎదురుగా, దిగంతం వైపు పెట్టి ఎగరేస్తాను. చేరాక మాత్రమే కిందికి. ఎందుకు ఎగరేశానో, ఏ కాల్ మీదో, ఏ దారినో ప్రతిసారీ లాగ్‌లో రాస్తాను. కోర్టులు కూడా గీతలు గీస్తున్నాయి. ఇంటి వేడిని వీధిలోంచి థర్మల్‌తో చూడాలన్నా వారంటు ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. బాల్టిమోర్‌లో విమానాలతో నగరం మొత్తాన్ని పగలంతా రికార్డు చేస్తే 2021లో అప్పీలు కోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమంది. నాకు ఆ తీర్పు సబబుగానే తోచింది. కాల్ వచ్చాక వెళ్లి చూడటం వేరు, ఏదో జరగొచ్చని అందర్నీ ముందే చూస్తూ కూర్చోవడం వేరు. రెండోదానికి నేను డ్రోన్ ఎగరేయను, పైవాళ్లకి అదే చెప్పాను.

ఎవరైనా పోలీసు విభాగం వాళ్లు కొనే ఆలోచనలో ఉంటే నా మాట ఇది. డ్రోన్ల సంఖ్య తగ్గించుకుని బ్యాటరీలు పెంచుకోండి. ఎగరేసే మనిషి పక్కన సెట్‌లో మాట్లాడటానికి రెండో మనిషిని కూర్చోబెట్టండి. రెండు పనులూ ఒక్కడే చేస్తే ఏదో ఒకటి చెడుతుంది, నేను చెడగొట్టాను కాబట్టి చెబుతున్నాను. "కనబడటం లేదు" అని చెప్పినవాణ్ణి కోప్పడకండి, లేకపోతే రేపు లేనిది కూడా ఉందని చెబుతాడు. ఇక కంపెనీవాళ్లు చూపించే డెమో పగటిపూట, గాలి లేనప్పుడు ఉంటుంది. రాత్రి పదకొండుకి, వాన ఆగిన వెంటనే, రోడ్డు తడిగా మెరుస్తున్నప్పుడు రమ్మనండి. మైదానంలో చేతిలో స్పానర్‌తో ఒక మనిషిని నిలబెట్టి, అది ఏంటో తెర మీద చూసి చెప్పమనండి.