ఫ్లై బాల్ లేచింది: బేస్ మీద ఉండాలా, సగం దూరం వెళ్ళాలా?

దాళ్వా కోతలైపోయి చేలు ఎండాక కోనసీమలో మా పిల్లలకు ఆటస్థలానికి కొదవుండదు. వరిదుబ్బులు చెక్కేసి, నాలుగు గోనెసంచులు మడిచి బేసులుగా వేస్తే బేస్‌బాల్ మొదలు. సాయంత్రమయ్యేసరికి అదే ప్రశ్న: "బంతి గాల్లోకి లేస్తే బేస్ మీదే ఉండమంటారా, తర్వాతి బేస్ వైపు సగం దూరం వెళ్ళమంటారా మాస్టారూ?"

క్యాచ్ పడితే కొట్టినవాడు ఔట్, అది అందరికీ తెలుసు. చిక్కంతా రన్నర్‌తోనే, అంటే అప్పటికే బేస్ మీదున్నవాడితోనే. క్రికెట్ అలవాటు మీద క్యాచ్ పడగానే ఆట ఆగిందనుకుంటారు. బేస్‌బాల్‌లో ఆగదు. ఫీల్డర్‌కి బంతి తగిలిన క్షణం నుంచి, బేస్ తాకి ఉన్న రన్నర్ ముందుకు పరుగెత్తొచ్చు. బంతి చేతిలో తుళ్ళి ఆ తర్వాత కుదురుకున్నా సరే, లెక్క మొదటి తాకిడిదే. ముందే కదిలినవాడు వెనక్కొచ్చి బేస్ తొక్కాలి. ఆలోగా బంతి ఆ బేస్‌కి చేరితే వాడూ ఔటే.

ఏది మేలో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: క్యాచ్ జారితే, బేస్ మీదే ఉండిపోయినందుకు ఏం పోతుంది?

మూడో బేస్ మీదున్నవాడికి ఏమీ పోదు. ఔట్‌ఫీల్డ్‌లో, అంటే బేసులకు అవతలి మైదానంలో, బంతి జారితే హాయిగా నడిచి హోమ్‌కి (బంతి కొట్టే చోటుకి, రన్ వచ్చేది అక్కడికి చేరితేనే) వస్తాడు. పట్టేస్తే, తగిలిన క్షణాన బయల్దేరి హోమ్‌కి ఉన్న 90 అడుగులూ పరుగెత్తుతాడు. ఆశపడి సగం దూరం వెళ్ళినవాడు మాత్రం క్యాచ్ పడ్డాక వెనక్కి పరుగెత్తాలి, వచ్చే రన్ చేజారిపోతుంది. అందుకే మూడో బేస్ దగ్గర కాలు కదపనివ్వను.

మొదటి బేస్‌లో లెక్క తిరగబడుతుంది. క్యాచ్ జారితే కొట్టినవాడు ఈ బేస్‌కే వస్తాడు కాబట్టి మనవాడు రెండో బేస్‌కి వెళ్ళి తీరాలి. అప్పటిదాకా నిలబడితే బంతే ముందు చేరుతుంది. అందుకని సగం దూరం వెళ్ళి, ఫీల్డర్ మీదే కన్నుంచాలి. సముద్రపు గాలి తిరిగిన సాయంత్రాల్లో, కొబ్బరితోట వైపు లేచిన బంతి ఎటు వాలుతుందో పట్టేవాడికే అంతుచిక్కదు. అప్పుడు ఇంకో రెండడుగులు ముందుకెళ్ళినా నేనేమీ అనను.

రెండో బేస్ దగ్గర నా మొగ్గు ఉండిపోవడం వైపే, అదీ బంతి రైట్ ఫీల్డ్‌లో (హోమ్ నుంచి చూస్తే కుడివైపు) బాగా లోతుకు వెళ్తేనే. అక్కడి నుంచి మూడో బేస్‌కి విసురు చాలా దూరం. లెఫ్ట్ ఫీల్డ్‌లో తక్కువ దూరంలో లేస్తే సగం దూరమే నయం.

అప్పటికే ఇద్దరు ఔటైతే ఆలోచించేది లేదు, బ్యాట్ తగలగానే పరుగే; క్యాచ్ పడితే మూడో ఔట్‌తో మన వంతు ఎలాగూ అయిపోతుంది. బేసుల దగ్గరే తేలిగ్గా పట్టేలా లేచిన బంతిని అంపైర్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని పిలిస్తే కొట్టినవాడు అక్కడికక్కడే ఔట్. బంతి కిందపడినా రన్నర్లు వెళ్ళి తీరాల్సిన పని లేదు, బేస్ అంటిపెట్టుకుని ఉండటమే క్షేమం.

సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలూ ఇదే అడుగుతారు. ఈ లెక్క వాళ్ళకూ ఇంతే. కాకపోతే బేసుల మధ్య దూరం 60 అడుగులే, విసిరిన బంతి ఇట్టే చేరిపోతుంది. అందుకే సగం దూరం అని వాళ్ళకు చెప్పను, మూడో వంతు చాలంటాను.