మిన్నెసోటా మంచు సరస్సులు: ఏ చోటికి ఏ గాలం, ఎక్కడ గుడిసె దండగ

మిన్నియాపొలిస్ చుట్టుపక్కల మనవాళ్లు మంచు వేటకి, అంటే గడ్డకట్టిన సరస్సుకి రంధ్రం చేసి చేపలు పట్టడానికి, బయల్దేరేముందు ముందుగా అడిగేది మంచు మీద పెట్టే గుడిసె అద్దె ఎంతని. బ్లూగిల్, క్రాపీల కోసమైతే ఆ డబ్బు చాలావరకు దండగే. వీటిని ఇక్కడ పాన్‌ఫిష్ అంటారు, అంటే పెనంలో పట్టేంత చేపలు. చలికాలం మొదట్లో ఇవి పచ్చగా మిగిలిన నాచు మొక్కల మధ్య ఉంటాయి. జనవరికల్లా లోతు గుంతల మీదికి జరుగుతాయి. అద్దె గుడిసె మాత్రం పెట్టిన చోటే ఉంటుంది. ఆ డబ్బుతో మడతపెట్టే చిన్న గుడారం, మంచులో 6 అంగుళాల రంధ్రం తొలిచే ఆగర్ అనే బర్మా రోజు అద్దెకి తీసుకుంటే పది చోట్ల తవ్వి చూడొచ్చు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి మేపుల్ గ్రోవ్ గుడికి దగ్గరలోనే, ప్లిమత్‌లో ఉన్న మెడిసిన్ లేక్ చాలు. ఫ్రెంచ్ రీజినల్ పార్క్ ఆ సరస్సు ఒడ్డునే ఉంది, బస ఖర్చు లేదు. 6 నుంచి 10 అడుగుల లోతులో నాచు అంచు వెతకాలి. చిక్కల్లా ఒక్కటే. ఊళ్లో సరస్సు కాబట్టి ఇక్కడి బ్లూగిల్ చలికాలమంతా గాలాలే చూస్తుంది. దగ్గరికొచ్చి, అంగుళం దూరంలో ఆగి, చూసి వెనక్కి పోతుంది. ఇక్కడ 3 మి.మీ. టంగ్‌స్టన్ జిగ్ (కొక్కేనికి పోసిన చిన్న లోహపు బంతి), 2 పౌండ్ల బరువు ఆపే సన్న దారం వాడాలి. అంతకంటే లావైతే చేతికి చలే మిగులుతుంది.

టంగ్‌స్టన్ సీసం కంటే సుమారు 1.7 రెట్లు సాంద్రమైనది. అందుకే చిన్న బంతిలోనే కావలసిన బరువు వస్తుంది, సన్న దారాన్ని తిన్నగా లాగి పట్టుకుంటుంది, నీటి అడుగున చేపల్ని చూపే సోనార్ తెర మీద కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఖరీదు ఎక్కువ. 5 అడుగుల నీళ్లలో మెల్లగా దిగే ఎర కావాలంటే సీసపు జిగ్ మంచిదే. కానీ ఊడిపోయిన చిన్న సీసం ముక్కలు మింగి లూన్ పక్షులు చనిపోతున్నాయి కాబట్టి మానుకోవడమే మేలు.

రంగు గురించి గంటలు వాదించుకుంటారు గానీ, తేడా తెచ్చేది జిగ్ వేలాడే తీరు. పాలొమార్ ముడి వేసి తడిపి బిగించాక, ముడిని గోరుతో జిగ్ కన్నం పైభాగానికి జరపాలి. అప్పుడు జిగ్ నేలకి సమాంతరంగా నిలుస్తుంది. ముడి ముందుకి జారితే తోక కిందికి వాలిపోతుంది, చేప నమ్మదు. ఒక్కో చేప పడ్డాక ముడి మళ్లీ జారుతుంది, ప్రతిసారీ సర్దాలి. కొత్త జిగ్‌ల కన్నం రంగుతో పూడిపోయి ఉంటుంది. ఇంట్లోనే సూదితో పొడిచి తీయండి, మంచు మీద వేళ్లు పనిచేయవు.

ఇక తిరుగుడు. మామూలు స్పిన్నింగ్ రీల్ దారాన్ని మెలిపెడుతుంది, ఆ మెలితో జిగ్ నీళ్లలో బొంగరంలా తిరుగుతుంది. బ్లూగిల్ ముఖం తిప్పుకునేది ఎక్కువగా దీనికే. దారం తిన్నగా వచ్చే ఇన్‌లైన్ రీల్ దీనికి అసలు మందు. అది లేకపోతే జిగ్‌కి 15 అంగుళాల పైన దారం మెలిపడకుండా తిరిగే అతి చిన్న స్వివెల్ కట్టి, దించాక తిరగడం ఆగేదాకా కదపకుండా ఉండాలి.

మన చెరువుల్లో బెండు మునగడం చూసి లాగే అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది. కర్ర కొసకి సన్నటి స్ప్రింగ్ పెడతారు. జిగ్ బరువుకి అది కొంచెమే వంగేలా సర్దాలి. చేప ఎరని నోట్లోకి పీల్చుకుని పైకి లేస్తే స్ప్రింగ్ వంగదు, నిటారుగా లేస్తుంది. అప్పుడు మణికట్టు తిప్పితే చాలు. దాని మీద మంచు పేరుకుంటే ఏమీ తెలియదు, తుడుస్తూ ఉండాలి.

ఎరకి స్పైక్స్ అనే ఈగ పురుగుల్ని మొండి కొస దగ్గర చర్మం మాత్రం పట్టేలా గుచ్చితే చాలాసేపు బతికి కదులుతాయి. వ్యాక్స్‌వర్మ్ మెత్తనిది, లోపలి రసం కారడమే దాని బలం. తెల్లబడి చప్పబడితే మార్చేయండి. దుకాణంలో డబ్బా తెరిచి చూసే కొనాలి. నల్లబడినవి చచ్చినవి.

క్రాపీ కోసమైతే మినటొంకా సరస్సుకి వెళ్లాలి. 20–30 అడుగుల గుంతల పైన గుంపులు మధ్యనీళ్లలో తేలుతుంటాయి. 4 లేదా 5 మి.మీ. జిగ్, 3 పౌండ్ల దారం సరిపోతాయి. క్రాపీ పైకి చూసే చేప, కాబట్టి జిగ్ గుంపుకి అడుగో రెండడుగులో పైనే ఆగాలి. గుంపు కిందికి దించితే పని చెడుతుంది. 30 అడుగులు దాటిన లోతు నుంచి లాగిన క్రాపీకి ఒత్తిడి మార్పుతో లోపలి గాలితిత్తి ఉబ్బుతుంది, వదిలినా బతకడం కష్టం. పట్టి వదిలేద్దామనుకునేవాళ్లు లోతుకి పోకూడదు. రాష్ట్ర నియమం రోజుకి క్రాపీ 10, సన్‌ఫిష్ (బ్లూగిల్ కూడా ఇందులోదే) 20, కొన్ని సరస్సుల్లో ఇంకా తక్కువ. మనిషికి రెండు గాలాలు వేయొచ్చు. మినటొంకాలో పాయల్ని కలిపే వంతెనల కింద నీటికి ఒరవడి ఉంటుంది, అక్కడ మంచు పలచన. నడిచి దాటకండి. ఎక్కడైనా మనిషి నడవాలంటే గాజులాంటి మంచు 4 అంగుళాలుండాలి. తెల్లటి మంచైతే దానికి రెట్టింపు.

గుడిసెకి డబ్బు పెట్టదగ్గ చోటు మిల్ లాక్స్. విశాలమైన సరస్సు, గాలి కోత భరించలేం, పిల్లలుంటే మరీ. దొరికేది ఎక్కువగా పెర్చ్, వాలై అనే చేపలు. పెర్చ్ అడుగునే తిరుగుతుంది కాబట్టి 5 మి.మీ. జిగ్‌ని నేలకి తాకించి, బురద లేపి, రెండంగుళాలు ఎత్తి పట్టాలి. అద్దెకిచ్చేవాళ్లని ఈ మూడూ అడగండి: చేప పడకపోతే గుడిసె జరుపుతారా, గుడిసె దాకా మంచు తోసి వేసిన దారి రుసుము అద్దెలో కలిసిందా, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా. ప్రొపేన్ హీటర్ ఉన్న గదిలో అలారం లేకపోతే రాత్రి పడుకోవద్దు. గాలికి మంచు పగుళ్లిస్తుంది, దాటడానికి వాళ్లే తాత్కాలిక వంతెనలు వేస్తారు. ఆ దారి తప్ప ఇంకోటి పట్టకండి.

అప్పర్ రెడ్ లేక్ లోతు తక్కువ, ముందుగా గడ్డకడుతుంది. కానీ ఇప్పుడది వాలై సరస్సు, చిన్న జిగ్‌ల కోసం అంత దూరం అక్కర్లేదు.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవుతో కలిసొచ్చే వారాంతం చూసుకోండి. 15 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలతో వచ్చే మిన్నెసోటా వాసులకి ఆ మూడు రోజులూ లైసెన్స్ అడగరు. పురుగుల డబ్బా మాత్రం కోటు లోపలి జేబులో పెట్టుకోండి, బయట పెడితే పావుగంటలో గడ్డకడుతుంది.