మలావీలో అట్టకుర్చీ: సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తప్పే స్థితి) వల్ల మెడ, నడుము నిలవని పిల్లలకు పాత అట్టపెట్టెలు, పిండి జిగురుతో చేసే కుర్చీ ఒకటుంది. ఆఫ్రికాలోని మలావీ పల్లెలకు కంటైనర్లలో దానంగా వచ్చే చక్రాల కుర్చీ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని మా అభిప్రాయం. ఒక షరతు మాత్రం ఉంది: బిడ్డను టేపుతో కొలిచి, ఆరు నెలలకోసారి వచ్చి సరిచేసే మనిషికి కూడా జీతం అందాలి. ఆ మనిషి లేకపోతే కుర్చీ ఎంత బాగా చేసినా ఏడాది తిరక్కుండానే మూలపడుతుంది.

ఈ పద్ధతిని ఏపీటీ అంటారు, అంటే అప్రోప్రియేట్ పేపర్ బేస్డ్ టెక్నాలజీ. జింబాబ్వేలో బెవిల్ ప్యాకర్ రూపొందించారు, అక్కడి నుంచి చుట్టుపక్కల దేశాలకు పాకింది. కరెంటు, వడ్రంగి పనిముట్లు అక్కర్లేదు. కొట్లలో పారేసే అట్టపెట్టెలు, పాత కాగితాలు, పిండి, పదునైన కత్తి, ఇనుప స్కేలు, చివర్లో వార్నిష్ ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

బలమంతా పొరలు వేసే తీరులో ఉంది. అట్ట లోపలి గాడులు ఒక పొరలో నిలువుగా ఉంటే దానిమీది పొరలో అడ్డంగా రావాలి. అన్నీ ఒకే దిక్కుకు పెడితే ఆ గాడి వెంటే మడత పడి విరుగుతుంది. ఆరు పొరలు వేస్తే దాదాపు రెండు సెంటీమీటర్ల మందం వస్తుంది, చిన్నపిల్లల సీటుకు అది చాలు. పిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, జారుగా నిగనిగలాడే దాకా ఉడికించాలి. మన దగ్గర వాల్‌పోస్టర్ల మైదాలో మైలుతుత్తం కలుపుతారు. ఇక్కడ ఆ పని అస్సలు చేయకూడదు. ఈ పిల్లల్లో చాలామంది అందినదల్లా నోట్లో పెట్టుకుంటారు, మైలుతుత్తం విషం.

అంటించిన పలకల మీద ఇటుకలు పెట్టి ముందు నీడలో, తర్వాతే ఎండలో ఆరబెట్టాలి. తొందరపడి నేరుగా ఎండలో పెడితే పైపొర ముందు ఆరి పలక వంకర తిరుగుతుంది. అతుకుల దగ్గర జిగురు ఒక్కటే ఆగదు, ఎల్ ఆకారంలో మడిచిన అట్టపట్టీలను లోపలా బయటా అంటించాలి. అంచులకు వేసే కాగితం ముక్కల్ని కత్తిరించకుండా చేత్తో చింపితే అంచు పలచబడి కింది పొరలో కలిసిపోతుంది, తర్వాత లేవదు. లోపలి తడి పూర్తిగా పోయిందని తేలాకే వార్నిష్. వరసగా రెండు రోజులు తూచినా బరువు తగ్గకపోతే ఆరినట్టు. ఎక్కువమంది వదిలేసేది సీటు అడుగుభాగం. నేల చెమ్మ పీల్చేది అదే కాబట్టి అక్కడ కూడా వార్నిష్ పూయాలి. మలావీలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, ఆ నెలల్లో కొత్త కుర్చీలు మొదలుపెట్టకపోవడం మంచిది.

ఇక కొలతలు. బిడ్డను గట్టి పీట మీద నిటారుగా కూర్చోబెట్టి, ఒకరు తుంటి పట్టుకుంటే ఇంకొకరు కొలవాలి. పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక దాకా ఎంతుందో అందులో రెండు, మూడు సెంటీమీటర్లు తగ్గించి సీటు లోతు పెట్టాలి. "ఎలాగూ పెరుగుతాడుగా" అని సీటు పొడుగ్గా చేయడమే అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు. అలా చేస్తే బిడ్డ వీపు వెనక్కి ఆనాలని ముందుకు జారుతుంది, నడుము గూనిలా వంగుతుంది, మెడ వెనక్కి విరుచుకుంటుంది. మోకాలి వెనక నుంచి మడమ దాకా ఎంతో, సీటు నుంచి పాదాల పీట అంత కిందికి ఉండాలి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో ఉండాలి. కుర్చీకి ముందు పెట్టే బల్ల మోచేతి ఎత్తులో రావాలి. తుంటి పట్టీని పొట్టమీద కాకుండా తొడలు మొదలయ్యే చోట, కిందికీ వెనక్కీ లాగేలా కట్టాలి. కాళ్లు కత్తెరలా ముడుచుకునే పిల్లలకు మోకాళ్ల మధ్య మెత్తటి దిమ్మ పెడతారు. అది గజ్జల దాకా వస్తే రాపిడికి పుండు పడుతుంది.

దీని అసలు శత్రువు తడి. మూత్రం ఒక్కసారి పొరల్లోకి దిగితే సీటు మెత్తబడుతుంది, వాసన ఆగదు. సీటుమీద తీసి కడుక్కోగలిగే రెగ్జిన్ లాంటిది పరవాలి. వార్నిష్ గీసుకుపోయిన చోటల్లా వెంటనే మళ్లీ పూయాలి. పిండి కాబట్టి ఎలుకలు, చెదలు కూడా వస్తాయి. రాత్రిపూట మట్టినేల మీద వదలకుండా ఇటుకల మీద ఎత్తి పెట్టడం మేలు.

తిండి విషయంలో ఈ కుర్చీ మేలు మొదటి రోజే కనిపిస్తుంది. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కుర్చీలో నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉంచి, ఎదురుగా కూర్చుని చెంచా కిందినుంచి అందించాలి. అక్కడి రోజువారీ తిండి అయిన న్సిమా (మొక్కజొన్న పిండి సంకటి) గట్టి ముద్ద కంటే మొక్కజొన్న, సోయా పిండితో కాచే లికుని ఫాలా జావ ఇలాంటి బిడ్డకు తేలిక. మొదట్లో కుర్చీలో ఒకసారికి ఇరవై నిమిషాలు కూర్చోబెడితే చాలు, చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడాలి.

బడి సంగతికొస్తే, మలావీలో ప్రాథమిక విద్య 1994 నుంచి ఉచితం. అయినా అమ్మ వీపున చితెంజే గుడ్డలో కట్టుకుని మోయలేనంత బరువు పెరిగాక బిడ్డ బడి ఆగిపోతుంది. ఈ కుర్చీకి చక్రాలు లేవు, ఆ సమస్య ఇది తీర్చదు. కిక్కిరిసిన తరగతుల్లో పిల్లలు నేలమీదే కూర్చుంటారు కాబట్టి, బడికి ఎత్తు కుర్చీ కంటే నేలకు ఆనే మూల సీటు (గది మూలలా రెండు పలకలు కలిసి వీపును పట్టి ఉంచేది) చేయించడం నయం. బిడ్డ తోటివాళ్ల మధ్యనే, వాళ్ల ఎత్తులోనే ఉంటుంది. మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళ్తారో ముందే తేల్చకపోతే మాత్రం ఏ సీటూ బిడ్డను బడిలో నిలపలేదు.

దానంగా వచ్చే మడత చక్రాల కుర్చీల్లో చాలావరకు పెద్దల కొలతవి. చిన్న ముందు చక్రాలు ఇసుకలో దిగబడతాయి, టైరు పోతే దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు చక్రాల కుర్చీ సేవను ఎనిమిది దశలుగా చెప్పాయి. కుర్చీ సిద్ధం చేయడం అందులో ఒకటే. బిడ్డను పరీక్షించడం, సరిపోయేలా అమర్చడం, ఇంట్లోవాళ్లకు నేర్పడం, మళ్లీ వచ్చి చూడడం కూడా ఆ దశల్లోవే.

అందుకే డబ్బు పంపాలనుకునేవాళ్లు కుర్చీలు పంచే సంస్థను ఎన్ని కుర్చీలిచ్చారని అడిగి ఊరుకోవద్దు. కొలిచేది ఎవరు, ఆమెకు జీతమెంత, ఊళ్లకు వెళ్లే సైకిలో బస్సు ఖర్చో ఎవరిస్తారు, పోయినేడు ఇచ్చిన కుర్చీల్లో ఎన్నింటిని తిరిగి చూశారు అని అడగండి. తుంటి కీలు తప్పిన పిల్లలకు, వెన్ను బాగా వంకరపోయిన పిల్లలకు ఈ కుర్చీ చేయడానికి ముందు ఫిజియోథెరపిస్టు చూసి తీరాలి. అలాంటి పిల్లల్ని ఎక్కడికి పంపుతారో కూడా సంస్థ చెప్పగలగాలి.