ఆటో అంకుల్ చూసిన మాండలోరియన్

నాది స్కూల్ ఆటో. పొద్దున ఏడింటికి రామ్‌నగర్‌లో బండి తీస్తే, అడిక్‌మెట్, విద్యానగర్ తిరిగి శివం రోడ్డు ఎక్కేసరికి వెనక ఆరుగురు పిల్లలు, ఆరు బ్యాగులు, మూత సరిగ్గా పట్టని వాటర్ బాటిళ్లు. 18 ఏళ్లుగా ఇదే పని. అందుకని సినిమాలో ఏ రౌడీ అయినా, ఏ ఖైదీ అయినా పసిబిడ్డను కాపాడుతున్నాడంటే నేను ఫైట్లు చూడను. బిడ్డ ఏం తిన్నది? ఎక్కడ పడుకున్నది? సూసూ వస్తే ఎవరు తీసుకెళ్లారు? ఇవే చూస్తాను. చాలా సినిమాలు ఇక్కడే ఫెయిల్ అవుతాయి.

దసరా సెలవుల్లో మావాడు హాల్లో టీవీకి 'ది మాండలోరియన్' అనే ఇంగ్లీషు సిరీస్ పెట్టాడు, స్టార్ వార్స్ సినిమాల లోకంలోనే జరిగే కథ. మొదటి సీజన్ 2019లో వచ్చిందట, 8 ఎపిసోడ్లు, ఒక్కోటి గంటలోపే. "స్టార్ వార్స్ సినిమాలు ఒక్కటీ చూడలేదు, నాకేం అర్థమవుతుందిరా" అన్నాను. "నీకేం అక్కర్లేదు నాన్నా, కూర్చో" అన్నాడు. నిజంగానే అక్కర్లేకపోయింది. సబ్‌టైటిళ్ల వేగాన్ని నా ఇంగ్లీషు అందుకోలేదు కానీ హీరో మాట్లాడేదే తక్కువ. ముఖం కూడా చూపించడు. హెల్మెట్ ఎవరి ముందూ తీయకూడదని వాళ్ల వాళ్లలో కట్టుబాటు. పెట్టుకో నాయనా అంటే పెట్టుకోని ఊరు మనది, ఈయనేమో తీయమన్నా తీయడు.

డబ్బు తీసుకుని మనుషుల్ని పట్టి అప్పగించడం ఇతని వృత్తి. నా అన్నవాళ్లు లేరు. ఒక పెద్ద బేరం వస్తుంది. పట్టుకోవాల్సిన శాల్తీకి 50 ఏళ్లు అంటారు. తీరా వెళ్లి చూస్తే గాల్లో తేలే ఊయలలో పెద్ద పెద్ద చెవుల పచ్చటి పిల్లాడు. ఆ జాతిలో 50 అంటే ఇంకా పాలుతాగే వయసేనట. ఆ పిల్లాడు చాలావరకు గ్రాఫిక్స్ కాదు, మనుషులు వెనకుండి ఆడించే బొమ్మ. మావాడు చెప్పేదాకా నేను గమనించలేదు. చెప్పాక కూడా బొమ్మ అని అనిపించలేదు. నిద్రొస్తే ఆ చెవులు వాలిపోవడం చూస్తే మధ్యాహ్నం రెండున్నరకు మా బండిలో నర్సరీ పిల్లలే గుర్తొస్తారు.

మూడో ఎపిసోడ్ చెప్పి తీరాలి. అంతరిక్షంలో తిరిగే ఇతని ఓడలో ఒక లివర్ ఉంటుంది, గేర్ రాడ్డు లాంటిది. దాని కొసన చిన్న గుండు. పిల్లాడికి అదే కావాలి, విప్పి ఆడుకుంటాడు. "అది ఆటబొమ్మ కాదు" అని ఇతను లాక్కుంటాడు. తర్వాత పిల్లాడిని అప్పగించేస్తాడు, డబ్బు బదులు మంచి లోహం తీసుకుంటాడు, కొత్త కవచం చేయించుకుంటాడు, వచ్చి సీట్లో కూర్చుంటాడు. ఇక బయలుదేరడమే. అప్పుడు ఆ గుండు కంటపడి, ఇంజన్ ఆపేసి వెనక్కి వెళ్తాడు. మనసు మారిందని చెప్పే డైలాగ్ ఒక్కటి లేదు.

నా తాళంచెవికి ఒక ప్లాస్టిక్ చేప ఉంది. నా వెనక కూర్చునే యూకేజీ బాబుకి రోజూ అది కావాలి. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపితే ఇస్తాను, గ్రీన్ పడితే తీసుకుంటాను. తోక సగం కొరికేశాడు. కొత్తది పది రూపాయలు, కానీ మార్చలేదు. ఆ సీను నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తిండి పరీక్షలో కూడా పాస్. నాలుగో ఎపిసోడ్‌లో ఒక హోటల్లాంటి చోట పిల్లాడికి ముందు సూప్ చెప్పి గానీ వేరే పని చూసుకోడు. బయట అతను ఒకావిడతో కలబడుతుంటే పిల్లాడు కప్పు రెండు చేతులా పట్టుకుని తాగుతూ చూస్తుంటాడు. ఐదో ఎపిసోడ్ అయితే నాకు పండగ. బిడ్డను ఓడలో ఒంటరిగా పడుకోబెట్టి బయటికి పోతాడు. రిపేరు చేసే మెకానిక్ ఆవిడ చూసి, ఇంత చిన్నవాడిని వదిలి ఎలా వెళ్లావని గట్టిగా చీవాట్లు పెడుతుంది. ఇన్నేళ్లలో ఇలాంటి హీరోని ఇలా తిట్టిన మనిషిని నేను తెర మీద చూడలేదు. ఆ తిట్లు తప్పిస్తే ఆ ఎపిసోడ్, ఆరోది సాగదీతే. పైగా అప్పుడే మా నెట్ గిర్రున తిరుగుతూ కూర్చుంది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి అన్నా" అన్నాడు, ఎప్పటిలాగే.

మనకు ఇది కొత్త కథేం కాదు. 1987లో 'పసివాడి ప్రాణం' వచ్చినప్పుడు నేను మూడో తరగతి. తాగుబోతు చిరంజీవి, హత్యను కళ్లారా చూసిన మాటలు రాని బాబు. ఆ బాబుగా వేసింది సుజిత అనే పాప. తర్వాత 'వదినమ్మ' సీరియల్లో వదిన ఆవిడే, మా ఇంట్లో రోజూ చూసేవారు. ఇప్పుడు మళ్లీ చూస్తే ఆ పాప కళ్లు నిజంగా భయపెడతాయి. కానీ పాట వచ్చినప్పుడల్లా నాకు ఒకటే టెన్షన్, ఈ ఐదు నిమిషాలు పిల్లాడు ఎవరి దగ్గరున్నాడు? బ్రేక్‌డాన్స్ బాగుంది, కాదనను. ఆ లెక్కన 2019లో వచ్చిన కార్తి 'ఖైదీ'కి పాటల గొడవే లేదు. జైలు నుంచి వచ్చి, ఇంతవరకూ చూడని కూతురి కోసం రాత్రంతా లారీ తోలతాడు. ముందు బకెట్ బిర్యానీ తింటాడు చూడండి, డ్రైవర్లందరి తరఫున దండం. కానీ అందులో పాప ఎదురుచూడటమే తప్ప అల్లరి చేసే వీలు లేదు. మాండలోరియన్‌లో పిల్లాడు అల్లరి చేస్తాడు, అడ్డం పడతాడు, పని చెడగొడతాడు. పిల్లలంటే అదే కదా.

మొదటి సీజన్‌కు నేను 10కి 8 ఇస్తాను. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలతో చూడొచ్చు, కాల్పులున్నా రక్తం పెద్దగా చూపించరు. మూడో సీజన్‌లో హెల్మెట్లవాళ్ల రాజకీయమే ఎక్కువ, రెండు ఎపిసోడ్లకే నిద్రపోయాను.

రెండో సీజన్ బాగుంది గానీ ఒక్క విషయంలో నాకు కోపం ఉంది. రెండో ఎపిసోడ్‌లో కప్ప లాంటి ఒకావిడ ప్యాసింజర్‌గా ఎక్కుతుంది. డబ్బాలో తన గుడ్లు, ఆవిడ వంశానికి అవే ఆఖరివి. ప్రాణంలా పట్టుకుని మొగుడి దగ్గరికి వెళ్తోంది. మన బుజ్జిగాడు దారి పొడుగునా ఒక్కొక్కటే తీసి మింగుతాడు. ఇతను చూసి వద్దంటాడు, మూత వేస్తాడు, అంతే. మావాడు పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బండిలో ఒకరి టిఫిన్ బాక్స్ ఇంకొకరు తెరిచారంటే సాయంత్రం ఆ తల్లికి నేను జవాబు చెప్పాలి. ఇతను దిగేటప్పుడు ఆవిడకు సారీ కూడా చెప్పలేదు.